తల్లిగారింటి మీది నీళ్లు

మానేరమ్మా, నీ వార్త ఇప్పుడు అంకెల్లో వస్తున్నది. పూర్తి నిల్వ 25.87 టీఎంసీలు, పూర్తి మట్టం 318 మీటర్లు, గేట్లు 25, ఇన్‌ఫ్లో ఇంత, అవుట్‌ఫ్లో అంత. వానకాలం వచ్చిందంటే పొద్దున్నే పేపర్లో నిన్ను ఇట్లాగే చదువుకుంటున్నాం. నర్మాల మత్తడి దుంకి, గంభీరావుపేట పొలాల మడిమడినీ పలకరించి, సిరిసిల్ల మరమగ్గాల చప్పుడుకు అడుగు కలిపి, పరుచుకున్న ఇసుక మీద సన్నని వెండిజరీ అంచు నేసుకుంటూ కదిలొచ్చిన నిన్ను కండ్లారా చూసిన మాకు ఆ అంకెలతో కడుపు నిండదు. ఎండకాలం నువ్వు ఇసుక లోపలికి పోయేదానివి. పోయినా మమ్మల్ని విడిచిపోయేదానివి కావు. మోకాళ్ల మీద కూచుని దోసిళ్లతో ఇసుక తోడితే మూరెడు లోతున చల్లగా పలికేదానివి. మొదటి ఊట మట్టిరంగు. దాన్ని పారబోస్తే రెండో ఊట కొంచెం తేట. మూడో ఊటకు చెలిమె అడుగున ఇసుక రేణువులు ఒక్కొక్కటిగా మెరిసేవి. ముంతతో ముంచి, బిందె మూతికి పాతచీర కొంగు కట్టి వడబోసి, నెత్తిన చుట్టబట్ట మీద పెట్టుకొని ఆడవాళ్లు గడ్డ ఎక్కిపోయేవాళ్లు. ఆ చెలిమె తోడిన చేతుల కోసమే ఈ దుఃఖమంతా.

రుద్రంగి, కోనరావుపేట దిక్కు గుట్టల నుంచి మూలవాగు దిగివస్తుంది. రాజన్న కొలువున్న వేములవాడ పాదాలు కడిగి, కిందికి పోయి మానేరులో కలుస్తుంది. ఆ వాగూ ఈ ఏరూ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వచ్చే నడిమిన పన్నెండు ఊర్లుండేవి. పేర్లు పలుకుతాను, వినండి. కొదురుపాక. నీలోజిపల్లి. వరదవెల్లి. శాభాష్‌పల్లి. అనుపురం. రుద్రవరం. కొడుముంజ. సంకెపల్లి. ఆరెపల్లి. చింతలఠాణా. చీర్లవంచ. గుర్రంవానిపల్లి. ఒక్కో పేరు దగ్గర ఆగితే ఒక్కో చింతచెట్టు నీడ, ఒక్కో కల్లుమండువ ముచ్చట, ఒక్కో పోచమ్మ గుడి ముంగట వేపాకు తోరణం. ఈతవనాలు, తాటివనాలు. పీరీల పండుగకు అలావా చుట్టూ అన్ని కులాల కాళ్లూ కలిసి తొక్కిన దుమ్ము. మక్కచేండ్ల మంచెల మీద పిల్లల కేకలు. గూనపెంకల ఇండ్ల మీద పాకిన గుమ్మడితీగ. పొద్దుగాల వేములవాడ అంగడికి పాలక్యాన్లు, కూరగాయల గంపలు, రాజన్న మెడలోకి పోయే బంతిపూల మూటలు ఈ బాటల వెంబడే వచ్చేవి. దేవుడు నిద్ర లేచేది మా ఊరి పూలతో అని చెప్పుకునేవాళ్లు ఆ పల్లెల వాళ్లు.

ఇప్పుడు ఆ బాటల మీద నీళ్లున్నయి.

మాన్వాడ దగ్గర కట్ట కట్టారు. దీని కథ ఒక్కనాటిది కాదు. శ్రీరాంసాగర్ వరద కాలువకు 1991లో ప్రధాని పి.వి. నరసింహారావు శంకుస్థాపన చేసిన నాటి నుంచే ఆ కాలువ నీళ్లకు మానేరు నడుమ ఒక గిన్నె కావాలన్న మాట ఉంది. జలయజ్ఞం రోజుల్లో కట్ట పని ఊపందుకుంది. 2016 సెప్టెంబరులో కుంభవృష్టి కురిసి, సగం కట్టిన కట్ట తెగిపోయి, దిగువ ఊర్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది. తెగిన కట్టను మళ్లీ కట్టారు. తర్వాత కాళేశ్వరం వచ్చింది. ఎల్లంపల్లి నుంచి నంది మేడారం, అక్కడి నుంచి లక్ష్మీపూర్ భూగర్భంలో గాయత్రి పంపుహౌస్. ఒక్కోటి 139 మెగావాట్ల మోటార్లు ఏడు. అవి గోదావరిని పాతాళం నుంచి పైకెత్తి వరద కాలువలో పోస్తే, 2019 ఆగస్టులో ఆ నీళ్లు మానేరు ఒడికి చేరినయి. అదే ఏడు డిసెంబరు 30న ముఖ్యమంత్రి కేసీఆర్ వేములవాడలో రాజన్నను మొక్కి, నిండిన జలాశయానికి జలహారతి ఇచ్చారు. జలాశయానికి రాజన్న పేరే పెట్టారు. శ్రీ రాజరాజేశ్వర జలాశయం.

ఆనాడు ఒడ్డున నిలబడ్డ జనంలో ఆనందబాష్పాలు రాల్చినవాళ్లున్నారు. వాళ్ల కన్నీళ్లు అబద్ధం కాదు. ఈ నీళ్ల విలువ నాకు తెలుసు, ఈ మట్టిలో పుట్టినవాళ్లందరికీ తెలుసు. బోరు మీద బోరు వేసి బొక్కెన నీళ్లు రాక బోర్లాపడ్డ రైతులను చూసినం. సిరిసిల్ల సాంచెల నీడలో ఉరితాళ్లకు వేలాడిన నేతన్నలను చూసినం. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని మూడు దిక్కులకు మూడు తరాలను సాగనంపినం. కోరుట్ల, జగిత్యాల ఊర్లలో మస్కట్ ఫోను కోసం రాత్రంతా మేలుకున్న తల్లులను చూసినం. అటువంటి నేలకు నీళ్లొచ్చినయి. యాసంగిలో కూడా పచ్చగా ఊగే వరిచేను ముందు నిలబడి ఆ పచ్చదనాన్ని తిట్టే నోరు నాకు లేదు. కానీ ఆ పచ్చదనం ఎవరి వాకిళ్ల మీదుగా నడిచొచ్చిందో చెప్పకుండా అన్నం ముద్ద మింగడం కూడా నాకు చేతకాదు.

ఇండ్లు పోయినవాళ్ల గురించి, భూములు పోయినవాళ్ల గురించి ధర్నాలు జరిగినయి, దరఖాస్తులు నడిచినయి. 2015లో వేములవాడ వచ్చిన ముఖ్యమంత్రి ఇంటి కోసం కుటుంబానికి 5.04 లక్షల రూపాయలు ఇస్తామన్న మాట ఎన్నేళ్లు నానిందో నిర్వాసితులనడగాలె. ఆ అంకె పిల్లల నోటికి కూడా ఎక్కం లెక్క వచ్చేసింది. చివరికి 2024 నవంబరులో, ఇంకో ముఖ్యమంత్రి వేములవాడ వచ్చిన సందర్భంలో, ఈ పన్నెండు ఊర్ల వాళ్లకు 4,696 ఇందిరమ్మ ఇండ్లు మంజూరు చేశారు. మాటకూ మంజూరుకూ నడుమ తొమ్మిదేండ్లు. ఆ తొమ్మిదేండ్లలో సచ్చిపోయిన ముసలివాళ్లు ఏ జాబితాలో ఉన్నారు? దీని మీద ఎందరో రాశారు, ఇంకా రాయాలె. నేను ఇక్కడ ఆ జాబితాలన్నిటికీ బయట నిలబడిపోయినవాళ్ల గురించి చెప్పాలనుకుంటున్నాను. ఆడబిడ్డలు.

ఆ పన్నెండు ఊర్లలో పుట్టి, పసుపుబట్టలతో బయటికి నడిచిన ఆడబిడ్డలు ఎందరు! మూడు తరాల నుంచి వాళ్లను జగిత్యాలకిచ్చినం, కోరుట్లకిచ్చినం, సిరిసిల్లకిచ్చినం, ధర్మపురికి, చొప్పదండికి, కరీంనగర్‌కి ఇచ్చినం. ఇంటికి ఇద్దరనుకున్నా ఎన్ని వందల గడపల్లో వాళ్లు దీపాలు పెడుతున్నారో. ఊరు మునిగినప్పుడు వాళ్ల పేర్లు ఎక్కడా రాలేదు. రావు కూడా. 2013 భూసేకరణ చట్టం కుటుంబమంటే భార్యాభర్తలు, మైనరు పిల్లలు, వాళ్ల మీద ఆధారపడ్డ మైనరు తోబుట్టువులు అని చెప్తుంది. పెండ్లయి పోయి వేరే ఊర్లో కాపురమున్న బిడ్డకు ఆ కుటుంబంలో చోటు లేదు. చట్టం తప్పని వాదించడానికి నేను వకీలును కాను. అయితే ఊరు అంటే ఉన్నవాళ్లదే కాదు, పోయినవాళ్లది కూడా. పోయినవాళ్లకే ఊరు ఎక్కువ అక్కర. ఉన్నవాళ్లు ఊర్లో బతుకుతారు. ఆడబిడ్డ అత్తగారింట బతికే ధైర్యం ఆ ఊరి నుంచి తెచ్చుకుంటుంది. మామ మాట విసిరితే, మగడు చెయ్యెత్తితే, కడుపు కాలితే, కాన్పు దగ్గరైతే, ఆమె మనసులో మొదట లేచే మాట ఒక్కటే. పోతా, నా తల్లిగారింటికి పోతా.

వరదవెల్లి గుట్ట మీద దత్తాత్రేయస్వామి ఉన్నాడు. నీళ్లు నిండిన నాటి నుంచి ఆ గుట్ట దీవి అయింది. స్వామిని చూడాలంటే పడవ ఎక్కాలె. ఒకసారి ఆ పడవలో నా పక్కన ఒక అవ్వ కూచుంది. కోరుట్ల నుంచి వచ్చింది. ఒళ్లో కొబ్బరికాయ, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో నాలుగు అగరొత్తులు. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టీ చుట్టీ ఆమె కుడిచేతి వేళ్ల కొనలు మొద్దుబారి నున్నగా, తునికాకు రంగుకు తిరిగి ఉన్నయి. ఆ వేలితోనే నీళ్లను చూపించింది.

"బిడ్డా, ఇంజను జెర ఆపుమనవా."

పడవతను ఆపాడు. ఇసొంటివి ఆయనకు అలవాటే అన్నట్టు తల పక్కకు తిప్పుకున్నాడు. అవ్వ ఒడ్డు చూసింది, గుట్ట చూసింది, దూరాన కనబడే బ్రిడ్జి చూసింది, మూడింటినీ కలిపి మనసులో గీతలు గీసుకుంది.

"ఈడనే. గీ జాగలనే మా వాడకట్టు ఉండె. మా నాయన సాయబాన్ల గడంచె ఏసుకొని పండుకునేటోడు. బాయి గట్టు మీద ఎర్రమందారం చెట్టు. నా పెండ్లికి పందిరి గుంజ పాతిన గుంత మల్ల పూడ్వనే లేదు, ఏటా సంకురాత్రికి దాంట్ల గొబ్బి పెట్టేది మా వదినె."

తర్వాత చేతిని నీళ్లలో ముంచి, ఆ తడి కండ్లకు అద్దుకుంది. నేను ఏమీ అడగలేదు. ఆమే అన్నది.

"తమ్ములకు పైసలొచ్చినయి. మంచిగనే ఉన్నరు. నేను పైసలు అడుగుతలేను బిడ్డా. తల్లిగారింటికి పోతున్న అంటే బస్సుల టికెటు ఏ ఊరికి కొట్టాల్నో, గది సెప్పుమంటున్న."

ఎవరు చెప్పాలె ఆమెకు? తమ్ముళ్లు పునరావాస కాలనీలో ఉన్నారు. ఊరి పేరు బోర్డు మీద ఉంది. గీత గీసినట్టు రోడ్లు, ఒక్క కొలతకు కోసిన ప్లాట్లు, సిమెంటు స్తంభాలు. తమ్ముడు ఫోన్ చేసి రమ్మంటాడు, మరదలు మర్యాద చేస్తుంది. అంతా ఉంది. కానీ ఆమె చిన్నప్పుడు పోరాడి గెలుచుకున్న కిటికీ మూల లేదు. అమ్మ కూరాటికుండ పెట్టిన అర్ర లేదు. అన్నిటికన్నా, పక్కింటోళ్లు లేరు. ఊర్లో ఉన్నప్పుడు ఆ ఇంటికీ ఈ ఇంటికీ నడుమ ఉన్న మొండిగోడ మీదుగా చారుగిన్నెలు చేతులు మారేవి. కాలనీలో ఎవరి ప్లాటు ఎక్కడ వచ్చిందో అక్కడికి పోయారు. కొందరు కరీంనగర్‌లో ఇల్లు కొనుక్కున్నారు, కొందరు సిరిసిల్లలో కిరాయికి దిగారు. పెరట్లో కొట్టం కట్టే జాగ లేక బర్లను, ఎడ్లను అంగట్లో అమ్ముకొని, పలుపుతాళ్లు మాత్రం ఇంటికి తెచ్చుకొని చిలక్కొయ్యకు తగిలించుకున్నవాళ్లున్నారు. ఊరంటే ఇండ్ల కుప్ప కాదని ఊరు కదిలాక గాని అర్థం కాలేదు.

మా దిక్కు ఆడబిడ్డకు ఏడాదికి రెండు సద్దులు. ఈ ముచ్చట వేరే జిల్లాల వాళ్లకు వింతగా ఉంటుంది కాబట్టి కొంచెం నిలబడి చెప్పాలె. పెత్రమాస నాడు ఎంగిలిపూలతో మొదలైన బతుకమ్మను తెలంగాణంతా తొమ్మిదోనాడు సద్దులతో సాగనంపుతుంది. వేములవాడ మాత్రం ఏడోనాడే సద్దులు చేస్తుంది. ఎందుకంటే ఆడబిడ్డ తల్లిగారింట సద్దులాడి, రెండు రోజులకు అత్తగారింటికి పోయి అక్కడ మళ్లీ సద్దులాడాలె. ఏ ఇంటి పండుగా ఆమె లేకుండా చిన్నబోవద్దు. ఎంత ప్రేమ ఉంటే ఒక ఊరు తన పండుగను రెండు రోజులు ముందుకు జరుపుకుంటుంది! ఏ శాసనమూ చెక్కించకుండా, ఏ రాజూ ఆజ్ఞ ఇవ్వకుండా, తన బిడ్డ కోసం పంచాంగాన్నే పక్కకు జరిపిన ఊరు మాది.

ఏడోనాడు పొద్దుగూకే యాల్లకు మూలవాగు ఒడ్డు చూడాలె. తంగేడు పసుపు, గునుగు తెలుపు, గునుగుకు అద్దిన గులాబీ రంగు, బంతి నారింజ, కట్లపూల నీలం, సీతజడల ఎరుపు. తాంబాళాల మీద పొరలు పొరలుగా లేచిన పూలగోపురాలు, నడి నెత్తిన గుమ్మడిపువ్వులో పసుపు గౌరమ్మ. వందల గాజుల చేతులు ఒక్క లయలో కలిసినప్పుడు వాగు అవతలి ఒడ్డు కూడా చప్పట్లు కొట్టినట్టే ఉంటుంది. చుట్టు పల్లెల్లో పుట్టి పెండ్లయి పోయిన బిడ్డలు చాలామంది ఏడోనాటికే ఈ దిక్కు చేరుకునేవాళ్లు. అన్న ఎడ్లబండి కట్టుకొని, తర్వాతి రోజుల్లో మోటారుసైకిలు మీద, ఇంకా తర్వాత ఆటోలో, చెల్లెను తీసుకురావడానికి జగిత్యాల పోయేవాడు. ఆమె దిగంగానే అమ్మ ముఖం చూసేది కాదు, ముందు గుమ్మం చూసేది. ఇంటిదర్వాజకు పసుపు రాసి ఉందా, బొట్లు పెట్టి ఉన్నయా అని. ఉన్నయంటే తన కోసమే.

ఎండలు ముదిరి నీళ్లు కిందికి దిగిన రోజుల్లో జలాశయం అంచుల్లో ఊర్లు మళ్లీ పైకి తేలుతయి. మొండిగోడలు, పాత తారురోడ్డు ముక్కలు, గుడి గద్దెలు, మొదళ్లు మిగిలిన చెట్లు. ఇండ్లు విప్పుకునేటప్పుడు దూలాలు, వాసాలు, దర్వాజలు ఎవరికి చేతనైనంత వాళ్లు తీసుకుపోయారు. పట్టుకుపోలేని రాతి గడపలు అక్కడే ఉన్నయి. అటువంటి ఒక గడప దగ్గర కూచుని చూశాను. గడపరాయి నడిమిన తరతరాల కాళ్లు పడి కొద్దిగా గుంటపడి ఉంది. ఆ గుంటలో ఒండ్రు ఎండి సన్నగా నెర్రెలు విచ్చింది. గోటితో ఒండ్రు గీకితే కింద రాయి పొక్కిళ్లలో పసుపు. ఏండ్ల తరబడి నీళ్లలో నానినా పోని పసుపు. రోజూ కడిగి, శుక్రవారం శుక్రవారం పట్టించి, పట్టించి, రాయిలోకి ఇంకిన పసుపు అది. ఆ పక్కనే నత్తగుల్లలు. చేపల వలకు కట్టే సీసపు గుండు ఒకటి.

ముంపు నుంచి దేవుళ్లను లేపుకుపోవడం మనుషులకు కొత్త కాదు. నాగార్జునసాగర్ కట్టినప్పుడు కృష్ణాలోయ బౌద్ధశిల్పాలను కొండ మీదికి తరలించి కాపాడుకున్నాం. నైలు నది మీద అస్వాన్ ఆనకట్ట కట్టినప్పుడు అబూ సింబెల్ గుడిని కోసి, ముక్కలు ముక్కలుగా పైకి చేర్చి, 1968 నాటికి మళ్లీ నిలబెట్టారు. ప్రపంచమంతా దాన్ని మెచ్చుకుంది. అదే నది ఒడ్డు నుంచి కదిలిపోయిన నూబియన్లు లక్షమంది దాకా ఉన్నారు. వాళ్ల ఖర్జూరపు చెట్లను ఎవరూ పైకి చేర్చలేదు. శ్రీశైలం, శ్రీరాంసాగర్, 1985లో పూర్తయిన దిగువ మానేరు, అన్నిటి అడుగునా ఇదే కథ. ఒక్క మానేరు మీదనే నర్మాల, మాన్వాడ, కరీంనగర్ అని మూడు కట్టలు. మానేరమ్మా, మూడుచోట్ల ఆగి ఆగి, మంథని దిక్కు గోదావరిని చేరుకునేసరికి నీ ఒంట్లో నీ నీళ్లు ఎన్ని మిగులుతున్నయో.

ఇప్పుడు నువ్వు గోదావరి దగ్గరికి పోవడం కాదు, గోదావరే నీ దగ్గరికి వస్తున్నది. వచ్చి ఇక్కడ ఆగడం లేదు. మాన్వాడ నుంచి తిప్పాపూర్ సొరంగం గుండా అనంతగిరికి, అక్కడి నుంచి రంగనాయకసాగర్‌కు, మల్లన్నసాగర్‌కు, ఇంకా పైకెక్కి 618 మీటర్ల ఎత్తున కొండపోచమ్మకు. ప్రతి మెట్టు మీదా ఒక ఊరో కొన్ని ఊర్లో మునిగినయి. అనంతగిరి మునిగింది. వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్ మునిగినయి. ఇక్కడి తల్లిగారిండ్ల మీద నుంచి లేచిన నీళ్లే అక్కడి తల్లిగారిండ్ల మీదికి పోయినయి. నీళ్లకు ఏం తెలుసు, పంపినట్టు పోతయి. మేడిగడ్డ బరాజు 2023 అక్టోబరులో కుంగినప్పుడు రాష్ట్రమంతా అట్టుడికింది. ఎన్ని కోట్లు, ఎవరి తప్పు అని లెక్కలు తీశారు. తీయాల్సిందే. కాంక్రీటు కుంగితే కమిషన్లు వస్తయి. కొదురుపాక వాకిట్లో ముగ్గు కరిగిపోయిన నాడు ఆ ముగ్గు వేసిన చేతులను పలకరించడానికి ఏ కమిషనూ రాలేదు, ఆ మాటే నా గుండెలో కలుక్కుమంటుంది.

రాజన్నా, నీకు కూడా ఒక మాట. నీ ముంగట కోడెను కట్టి మొక్కు చెల్లించుకునేవాళ్లలో ఈ పన్నెండు ఊర్ల వాళ్లు ఎప్పుడూ ముందుండేవాళ్లు. పిల్లలు పుట్టకపోతే నీకే మొక్కినరు, పుడితే నీ పేరే పెట్టినరు. ఆ ఊర్లలో రాజన్నలు, రాజమ్మలు, రాజేశంలు ఎందరో. శివరాత్రి జాతరకు శివసత్తుల పూనకాలతో ధర్మగుండం హోరెత్తుతుంటే, ముంపు ఊర్ల ఆడబిడ్డలు నీ గుడి మెట్ల మీద ఒకరినొకరు పట్టుకొని ఏడవడం చూశాను. కాలనీలో కలవనివాళ్లు, పెండ్లిళ్లలో కలవనివాళ్లు నీ దగ్గర కలుసుకుంటున్నారు. "మీరు ఏ దిక్కు ఉంటున్నరే ఇప్పుడు" అని ఒకతె అడుగుతుంది. ఇంకొకతె చెప్తుంది. వాళ్లకు మిగిలిన వాడకట్టు నీ వాకిలే, రాజన్నా. నీ గుడి ఆవరణలో దర్గా ఉంది, నీ దగ్గర ఎవరికీ అడ్డులేదు. ఆ నీళ్లకు నీ పేరు పెట్టారు గదా. నీ పేరు మీద ఉన్న బాకీ నీకు తెలియదా!

కాలనీలలో కొత్తగా బొడ్రాయి నిలబెట్టుకుంటున్నప్పుడు ఆడబిడ్డలందరికీ పిలుపు పోతుంది. బొడ్రాయి ఊరికి బొడ్డు. దాన్ని నిలబెట్టే నాడు ఊరు కట్టడి చేస్తారు, బయటివాళ్లు లోపలికి రారు, లోపలివాళ్లు పొలిమేర దాటరు. ఊరి బిడ్డలు మాత్రం ఎక్కడున్నా రావాలె. బిందెలతో నీళ్లు తెచ్చి బొడ్రాయి మీద పోయాలె. పసుపు, కుంకుమ, కొత్త రైకబట్ట. డప్పులు మోగుతుంటే, బోనాలు కదులుతుంటే, డెబ్బై ఏండ్ల బిడ్డ, పదహారేండ్ల బిడ్డ ఒకే వరుసలో నిలబడతారు. పునరావాస విధానంలో ఏ అధికారీ చేయని పనిని ఆ రోజు ఊరు చేస్తుంది. తన బిడ్డలందరినీ లెక్కపెట్టుకుంటుంది. పెండ్లయినా, విడిచిపెట్టినా, ముండమోసినా, దుబాయిలో పనికి పోయినా, ఆమె ఈ ఊరి బిడ్డ అని ఒప్పుకుంటుంది. ఆ ఒక్క రోజు కాలనీ ఊరవుతుంది. తెల్లారి మళ్లీ ఎవరి బస్సు వాళ్లు ఎక్కుతారు.

వేములవాడ రాతలేని సీమ కాదు. చాళుక్య అరికేసరి కొలువులో పంప మహాకవి కావ్యం చెప్పాడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల దగ్గర బొమ్మలమ్మగుట్ట బండ మీద కన్నడ, సంస్కృతాలతో పాటు తెలుగు కందపద్యాలు చెక్కించాడు. పదో శతాబ్దం మాట అది. ఇవాళ్టికీ ఆ బండ దగ్గరికి పోయి ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టి రావచ్చు. వెయ్యేండ్లు వానకు తడిసి, ఎండకు కాలినా అవి అక్కడే ఉన్నయి. అటువంటి సీమలో, నిన్నగాక మొన్న మునిగిన పన్నెండు ఊర్ల పేర్లకు ఒక బండ కరువైపోకూడదు.

కాబట్టి అడుగుతున్నాను. ఎవరి దయనూ కోరడం లేదు, బాకీ వసూలు అనుకోండి. మాన్వాడ కట్ట మీద, సందర్శకులు నిలబడి ఫోటోలు దిగే చోటనే, ఒక నల్లరాయి నిలబెట్టండి. దాని మీద ఏ నాయకుడి పేరూ వద్దు, ఏ తేదీలూ వద్దు. పన్నెండు ఊర్ల పేర్లు చాలు. కొదురుపాక బ్రిడ్జి దిక్కున, నీళ్లు తగ్గినా పెరిగినా అందేటట్టు మెట్లు కట్టి ఒక బతుకమ్మ ఘాట్ కట్టండి. ఏడోనాడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల డిపోల నుంచి ఆ ఘాట్‌కు బస్సు వేయండి. బస్సు నొసటి మీద ఆ పన్నెండు ఊర్ల పేర్లు రాయించండి. ఆ అవ్వకు కండక్టరు కొట్టే టికెట్టు మీద వరదవెల్లి అని ఉండాలె. గేట్లు ఎత్తే నాడు పూజకు మంత్రులను పిలిచినట్టు, ఆ ఊర్లలో పుట్టి పెండ్లయి పోయిన పెద్దబిడ్డలను పన్నెండు మందిని పిలవండి. వాళ్ల చేతితో పసుపు, కుంకుమ వేయించండి. నీళ్లకు మొదటి హక్కు ఎవరిదో కాల్వల కింది రైతులు కూడా ఒకసారి చూడాలె.

అక్షరాలు చెక్కే శిల్పికి ఒక మాట చెప్పండి. ఊరి పేర్లు లోతుగా చెక్కమనండి. చదువురాని అక్కలు, చూపు మందగించిన అవ్వలు వేళ్లతో తడిమి తమ ఊరిని పోల్చుకోవాలె. ఈ ఏడు ఎంగిలిపూల నాటికి పని అయిపోవాలె.